తల తిరిగితే గడియారం చూడండి



తెల్లవారుజామున పక్కకు ఒత్తిగిలారు. ఇల్లంతా గిర్రున తిరిగింది. లేచి కూర్చోబోతే మళ్లీ తిరిగింది, కడుపులో దేవినట్టయింది. ఇంట్లోవాళ్లు ఊరుకోరు. పైత్యం చేసిందని ఒకరు నిమ్మకాయ తెచ్చి వాసన చూడమంటారు. బీపీ పడిపోయిందని ఇంకొకరు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టుకొస్తారు. మెడ నరం ఒత్తుకుందని పక్కింటాయన తేల్చేస్తాడు. మందుల షాపుకి వెళ్తే అడిగిందే తడవుగా తల తిరుగుడు బిళ్లల అట్ట చేతిలో పెడతారు. ఇంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఎంతసేపు తిరిగింది?

నేను ఫిజియోథెరపిస్టుని. మోకాళ్లు, నడుము, భుజం, పక్షవాతం, వీటికే మా దగ్గరకు రావాలని చాలామంది అనుకుంటారు. తల తిరుగుడుకి ఫిజియోథెరపీ ఏమిటని వైద్యం తెలిసినవాళ్లే అడిగిన సందర్భాలున్నాయి. ఈ పావుగంటలో దానికే జవాబు చెబుతాను. మందు బిళ్లకంటే ముందు పరీక్ష కావాలి. ఆ పరీక్షలో సగం ప్రశ్నలే, మిగతా సగం కళ్లనీ కాళ్లనీ జాగ్రత్తగా చూడటం.

ముందు చెవి సంగతి. చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగినవాళ్లకు లోపలి చెవి ఏం చేస్తుందో అనుభవంలో తెలుసు. తిరిగి తిరిగి ఆగుతాం. మనం ఆగినా చెట్టూ గోడా ఆగవు. కర్ణభేరికి ఇంకా లోపల, ఎముకలో తొలిచినట్టు, అర్ధవృత్తాల్లాంటి మూడు సన్నటి నాళాలున్నాయి. వాటి నిండా ద్రవం. తల తిప్పగానే నాళం గోడ తలతో పాటు కదులుతుంది, ద్రవం మాత్రం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకి నాళానికి అడ్డంగా ఉన్న మెత్తటి తెర ఒరుగుతుంది. దాని మొదట్లో ఉన్న సన్నటి రోమాల కణాలు తల ఎటు తిరిగిందో, ఎంత జోరుగా తిరిగిందో మెదడుకు చేరవేస్తాయి. కాసేపు తిరుగుతూ ఉంటే ద్రవం కూడా గోడతో సమానంగా వేగం అందుకుంటుంది. అప్పుడు ఠక్కున ఆగితే గోడ ఆగుతుంది, ద్రవం ఆగదు. తెర ఎదురు దిక్కుకు ఒరుగుతుంది. నిలబడి ఉన్న మనిషికి తిరుగుతున్నాననే కబురు అందేది అందుకే.

ఆ నాళాల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో జిగురులాంటి పొర, దాని మీద కంటికి ఆనని స్ఫటికాలు. ఈ స్ఫటికాలు కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. తల వాలిస్తే వాటి బరువుకు జిగురు పొర జారుతుంది, వాలిన సంగతి మెదడుకు తెలుస్తుంది. తాపీ మేస్త్రి గోడ మీద పెట్టి చూసుకునే రసమట్టం పని ఇది. ఈ సున్నపు నలుసుల గొడవ మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మెడ నొప్పి లేనివాళ్లు ఇప్పుడు చేతిలోకి ఓ పేపరు తీసుకోండి. తల కదపకుండా పేపరును అటూ ఇటూ వేగంగా ఊపుతూ చదవండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పేపరు కదలకుండా పట్టుకుని, అంతే వేగంగా తలను అడ్డంగా ఊపండి. చదవగలుగుతున్నారు కదా? తల కుడికి కదిలిన మరుక్షణం కళ్లు ఎడమకు కదులుతున్నాయి. ఎంత మరుక్షణం అంటే, సెకనులో వందో వంతు కూడా పట్టదు. కంటితో చూసి, ఆలోచించి, అప్పుడు చేసే పని కాదిది. చెవి నుంచి కంటి కండరాలకు దాదాపు నేరుగా దారి ఉంది.

ఆ దారి తెగిపోతే ఏమవుతుందో ఒక వైద్యుడు స్వానుభవంతో రాశాడు. 1952లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో, జె.సి. అనే పొడి అక్షరాలతో వచ్చిన వ్యాసం అది. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ల వల్ల ఆయన రెండు చెవుల్లోని సమతౌల్య భాగం దెబ్బతింది. నడుస్తుంటే వీధి ఎగిరెగిరి పడేది. ఎదురొచ్చేవాళ్ల ముఖాలు ఆనవాలు పట్టాలంటే ఆగి నిలబడాల్సి వచ్చేది. పుస్తకం చదవాలంటే తలను మంచం ఊచల మధ్య బిగించుకునేవాడట, ఎందుకంటే నాడి కొట్టుకునేటప్పుడు తలలో పుట్టే ఆ కాస్త కదలికకే అక్షరాలు చెదిరిపోయేవి. మన దేశంలోనూ, క్షయకు రెండోసారి చికిత్స తీసుకునేవాళ్లకు ఇదే ఇంజెక్షను ఏళ్ల తరబడి ఇచ్చారు. జెంటామైసిన్‌కీ ఈ గుణం ఉంది. అందుకే తూలుతున్నామని వచ్చినవాళ్లను, ఎప్పుడైనా పెద్ద జబ్బు చేసి వరసగా ఇంజెక్షన్లు చేయించుకున్నారా అని అడుగుతాం. ఇరవై ఏళ్ల కిందటి మాటైనా సరే, చెప్పాలి.

ఇక గడియారం విషయం. పూర్వం డాక్టర్లు తల తిరుగుడు ఎలా ఉంటుందో చెప్పమనేవారు. గిర్రున తిరిగినట్టా, తూలినట్టా, కళ్లు బైర్లు కమ్మినట్టా అని. పాపం, మనిషి ఒకసారి ఒకటి చెబుతాడు, గుచ్చి అడిగితే ఇంకొకటి చెబుతాడు. ఎంతసేపు ఉంది, ఏం చేస్తే వచ్చింది అన్న రెండు ప్రశ్నలకు మాత్రం జవాబులు నిలకడగా వస్తాయి. ఇప్పుడు వాటికే ఎక్కువ విలువ. తల వాల్చినప్పుడో ఎత్తినప్పుడో వచ్చి నిమిషం లోపల పోతే ఒక జబ్బు. 20 నిమిషాల నుంచి కొన్ని గంటలు ఉండి, చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం కూడా ఉంటే మెనియర్స్ కావచ్చు. 1861లో ప్యారిస్‌లో ప్రాస్పర్ మెనియర్ ఈ తిరుగుడు చెవిదేగాని మెదడుది కాదని వాదించాడు, ఆయన పేరే దానికి ఉండిపోయింది. పార్శ్వనొప్పి ఉన్నవాళ్లలో వచ్చే తిరుగుడు అయిదు నిమిషాలు ఉండొచ్చు, మూడు రోజులూ ఉండొచ్చు. ఎడతెరిపి లేకుండా రోజంతా తిరిగితే, చెవి నరం వాపు కావచ్చు, లేదా మెదడులో పక్షవాతం కావచ్చు. లేచి నిలబడినప్పుడు మాత్రమే కళ్లు బైర్లు కమ్మితే చెవిని వదిలేసి బీపీ చూడాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే దారి వేరు. చాలాసార్లు కారణం, వాడుతున్న బీపీ మాత్రల దగ్గర, ప్రొస్టేటు మాత్రల దగ్గర తేలుతుంది.

ఈమధ్య ఒక పెద్దావిడ వచ్చారు, కోడల్ని వెంటబెట్టుకుని. మెడకు పట్టీ, చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా ఎక్స్‌రేలు, స్కాన్లు. ఎప్పుడు తిరుగుతుందమ్మా అంటే, "ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందమ్మాయ్" అన్నారు. ఈ జవాబు దగ్గరే ఆగిపోతే ఏమీ తేలదు. నిన్న పొద్దున్న కళ్లు తెరిచిన దగ్గర్నుంచి చెప్పమన్నాను. లేస్తుంటే తిరిగింది, మంచం పట్టె పట్టుకుని కూర్చుంటే సర్దుకుంది. ఎంతసేపటికి? "ఓ పదిహేనుసార్లు రామ రామ అనుకున్నా." తర్వాత వాకిలి ఊడ్చారు, ఏమీ కాలేదు. అటక మీద డబ్బా కోసం తలెత్తితే తిరిగింది. రాత్రి కుడివైపు ఒత్తిగిలితే తిరిగింది, ఎడమవైపు లేదు. మరి మిగతా రోజంతా? కోడలు అందుకుంది: "మళ్లీ ఎక్కడ తిరుగుతుందోనని భయమండీ, తల కదిపితే ఒట్టు."

జబ్బు పేరు సగం అప్పుడే తెలిసిపోయింది. మిగతా సగం బల్ల మీద. కాళ్లు చాపుకుని కూర్చోబెట్టాను. తలను 45 డిగ్రీలు కుడికి తిప్పి, రెండు చేతులతో పట్టుకుని, ఒక్క ఊపున వెనక్కి పడుకోబెట్టాను. తల బల్ల అంచు దాటి, ఇంకో 20 డిగ్రీలు కిందికి వాలేలా. "కళ్లు మూయకండమ్మా, నా ముక్కు వైపే చూడండి." రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. "ఏం లేదే" అంటూనే నా మణికట్టు గట్టిగా పట్టేసుకున్నారు. కనుగుడ్లు నుదుటి వైపు ఎగిరెగిరి పడుతున్నాయి, పడుతూ కుడి చెవి వైపు మెలి తిరుగుతున్నాయి. పది, పదిహేను లెక్కపెట్టేసరికి జోరు తగ్గింది. అర నిమిషంలో ఆగిపోయాయి. కోడలి నోట మాట లేదు. అత్తగారు ఉత్తినే అంటున్నారని అన్నాళ్లూ మనసులో ఎక్కడో ఉన్నట్టుంది.

నిస్టాగ్మస్ అంటాం ఆ కంటి కదలికను. ఎటు ఎగిరిందో చూస్తే ఏ చెవిలో ఏ నాళమో చెప్పేయొచ్చు. ఆవిడకు కుడి చెవిలో, వెనక నాళంలో. ఇందాక చెప్పిన సున్నపు నలుసులు సంచిలోంచి ఊడి నాళంలోకి చేరాయి. తల వాల్చినప్పుడు అవి జారుతూ ద్రవాన్ని లాగుతాయి. జారడం మొదలవడానికి రెండు మూడు సెకన్లు, అడుగుకు చేరి ఆగడానికి అర నిమిషం. కళ్లు చూపించిన లెక్క కూడా అదే. బీపీపీవీ అని నాలుగక్షరాలతో పిలుస్తారు. వయసు మళ్లినవాళ్లలో, తలకు దెబ్బ తగిలినవాళ్లలో ఎక్కువ.

ఈ జబ్బును 1921లో వర్ణించినవాడు రాబర్ట్ బరానీ. అంతకుముందు వియన్నాలో చెవుల్లో గుబిలి కడిగే పని చేస్తుండగా, నీళ్లు చల్లగా ఉంటే రోగికి తల తిరిగి కళ్లు ఒకవైపు కొట్టుకోవడం, బాగా వేడిగా ఉంటే రెండో వైపు కొట్టుకోవడం గమనించాడు. అందరూ చూసీ వదిలేసిన విషయమే. ఆయన మాత్రం దాన్ని పరీక్షగా మార్చాడు. 1914 నోబెల్ బహుమతి వచ్చిందన్న కబురు ఆయనకు రష్యా యుద్ధఖైదీల శిబిరంలో అందింది. నేను ఆవిడకు చేసిన పరీక్ష మాత్రం లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వివరించినది. ఆ నలుసుల్ని తల తిప్పే తీరుతోనే బయటకు పంపొచ్చని చెప్పినవాడు అమెరికాలోని పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ. 1980లో తోటివాళ్లకు చేసి చూపిస్తే చాలామంది నమ్మలేదు. అది పత్రికలో వ్యాసంగా రావడానికి 1992 అయింది. మందు లేదు, కోత లేదు, తల అటు తిప్పి ఇటు తిప్పితే తగ్గుతుందంటే మంత్రగాడి మాటలా వినిపించి ఉంటుంది.

ఆవిడకూ అదే చేశాం. పడుకున్న స్థితిలోనే తలను ఎడమవైపుకు తిప్పి, తర్వాత ఎడమ భుజం మీదికి ఒరిగించి, ముక్కు నేల వైపు చూసేలా ఉంచి, ఒక్కో భంగిమలో అర నిమిషం పైన ఆగి, చివరికి లేపి కూర్చోబెట్టాం. మొత్తం పది నిమిషాల లోపు పని. మళ్లీ పరీక్షిస్తే కళ్లు కదల్లేదు. అందరికీ మొదటిసారే తగ్గాలని లేదు, కొందరికి రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది. కొన్నాళ్లకు తిరగబెట్టడమూ ఉంది. ఫోనులో వీడియో చూసి ఇంట్లో చేసుకుంటామంటారు కొందరు. ఏ చెవో, ఏ నాళమో తేలకుండా చేస్తే నలుసులు పక్క నాళంలోకి పోయి తిరుగుడు ఇంకా ఎక్కువ కావచ్చు. తేల్చుకున్నాక, నేర్చుకుని చేస్తే మంచిదే.

మరి మెడ పట్టీ ఎందుకొచ్చింది? ఇక్కడ నాకు కాస్త కోపం. యాభై దాటినవాళ్లలో చాలామందికి మెడ ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనిపిస్తుంది, తల తిరగని వాళ్లకు కూడా. కనిపించింది కాబట్టి కారణం అదే అని అంటగట్టడం సులువు. తల కదిపితే తిరుగుతుందని మనిషి మెడ బిగబట్టుకుంటాడు. బిగబట్టడం వల్ల నొప్పి పుడుతుంది. నొప్పికి ఎక్స్‌రే, ఎక్స్‌రేకి పట్టీ. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసి ఏళ్ల తరబడి లాక్కొస్తారు. బిళ్లల సంగతీ అంతే. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంస్థ 2017లో సవరించిన మార్గదర్శకాల్లో, ఈ జబ్బుకు తల తిరుగుడు తగ్గించే మందుల్ని మామూలుగా ఇవ్వొద్దనీ, వేరే లక్షణాలు లేకుంటే స్కానింగులు అక్కర్లేదనీ చెప్పింది. నలుసులు ఎక్కడున్నవి అక్కడే ఉంటే బిళ్ల ఏం చేస్తుంది? పైగా మత్తుకు పెద్దవాళ్లు తూలి పడతారు. ఇప్పటికే వాడుతున్న మందును మాత్రం డాక్టరును అడక్కుండా ఆపొద్దు.

ఎడతెరిపి లేని తిరుగుడు గురించి చెప్పి తీరాలి. చెవి నరం వాచినప్పుడూ అదే బాధ, చిన్నమెదడులో రక్తనాళం మూసుకున్నప్పుడూ అదే బాధ. తేడా పట్టే పరీక్ష ఒకటి 1988లో సిడ్నీలో హల్మాగీ, కర్తాయిస్ అనే ఇద్దరు చెప్పారు. రోగిని మన ముక్కు వైపు చూడమని, తలను చటుక్కున కొద్దిగా పక్కకు తిప్పుతారు. చెవి నరం చెడితే కళ్లు తలతో పాటు కొట్టుకుపోయి, మళ్లీ ఎగిరి ముక్కు మీదికి వస్తాయి. విచిత్రం ఏమిటంటే, ఎడతెరిపి లేకుండా తిరుగుతున్న మనిషికి ఈ పరీక్ష చెడుగా వస్తే కొంత ఊరట, బాగుందని వస్తే భయపడాలి. చెవి నరం బాగానే ఉండగా ఇంతగా తిరుగుతోందంటే తప్పు మెదడులో ఉండొచ్చు. దీన్ని చేయాల్సింది తర్ఫీదు ఉన్నవాళ్లే. ఇంట్లో మీరు చూడాల్సినవి వేరు: మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర, చెయ్యో కాలో పట్టు తప్పడం, మింగుడు పడకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఉన్నట్టుండి చెవి వినిపించకపోవడం, పట్టుకున్నా నిలబడలేకపోవడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా నిమ్మకాయలూ ఫిజియోథెరపీ రెండూ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షనుకి గడువు సుమారు నాలుగున్నర గంటలే.

చెవి నరం వాపే అని తేలితే, మొదటి రెండు మూడు రోజులు వాంతికీ తిరుగుడుకీ మందు పడాలి. ఆ తర్వాత పడక దిగాలి. ఒక చెవి మూగబోయినా రెండో చెవితో సరిపెట్టుకోవడం మెదడుకు తెలుసు, కానీ తల కదిలితేనే నేర్చుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తలకు దెబ్బలు తగిలిన సైనికుల కోసం ఇంగ్లండ్‌లో కాథార్న్, కుక్సీ అనే వైద్యులు ఇలా తల కదిపే వ్యాయామాలు కూర్చారు. ఇప్పుడు మేం చేయించేది చూడటానికి చాలా తేలిక: చెయ్యి చాపి బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, గోరు స్పష్టంగా కనిపిస్తున్నంత వేగంలో తలను అడ్డంగా ఊపడం. రోజుకు కనీసం మూడు దఫాలు. కొత్తగా వచ్చినవాళ్లకు మొత్తం 12 నిమిషాలు, పాతబడినవాళ్లకు 20 నిమిషాలు తగ్గకుండా. చేస్తుంటే కాస్త తిరుగుతుంది. తిరిగిందని మానేస్తారు చాలామంది, అక్కడే చికిత్స ఆగిపోతుంది.

ఇక కాళ్లు. నిలబడటానికి మెదడు మూడు చోట్ల నుంచి కబురు తెచ్చుకుంటుంది: కళ్లు, లోపలి చెవి, పాదాలు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు మన దగ్గర ఎంతమందో. వాళ్లు పట్టపగలు బాగానే నడుస్తారు. ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే తూలతారు, రాత్రి కరెంటు పోతే అడుగు పడదు. మేం చేసే పరీక్ష ఇది: కాళ్లు దగ్గరగా పెట్టి నేల మీద 30 సెకన్లు నిలబెడతాం, తర్వాత కళ్లు మూయిస్తాం. ఆపైన మెత్తటి మందపాటి ఫోము మీద నిలబెట్టి అవే రెండూ చేయిస్తాం. నేల మీద కళ్లు మూయగానే పడబోతే పాదాల మీద అనుమానం. అక్కడ నిలబడి, ఫోము మీద కళ్లు మూసినప్పుడే పడిపోతే చెవి మీద అనుమానం, ఎందుకంటే కళ్లు మూసేశాం, ఫోము పాదాలను గజిబిజి చేసింది, మిగిలింది చెవొక్కటే. పక్కన పట్టుకునే మనిషి లేకుండా ఇది ఇంట్లో ప్రయత్నించకండి.

ఇంకో పరీక్షకు కుర్చీ, మూడు మీటర్ల జాగా, గడియారం చాలు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కొలబద్ద. నాకైతే సెకన్ల కంటే వెనక్కి తిరిగే చోటే ఎక్కువ చెబుతుంది. కొందరు పెద్దాయనలు నిటారుగా, ఠీవిగా నడుస్తారు, తిరిగే దగ్గరికి వచ్చేసరికి అయిదారు చిన్న అడుగులు వేస్తారు, చెయ్యి గోడ కోసం గాలిలో వెతుకుతుంది. తను గోడ వెతికానని ఆయనకే తెలియదు. అలాంటివాళ్ల ఇళ్లలో బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి దారిలో చిన్న లైటు, అరిగిన హవాయి చెప్పులకు బదులు మడమ దగ్గర పట్టీ ఉన్నవి, ఇవి ముందు అమర్చమంటాను.

డాక్టరు దగ్గరికో మా దగ్గరికో వచ్చేముందు ఓ కాగితం మీద రాసుకోండి. మొదటిసారి ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, సెకన్లా, గంటలా, రోజులా. చెవిలో హోరుందా. ఎప్పుడైనా పడ్డారా. వాడే మందులన్నీ, ఆయుర్వేదం, హోమియో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. పక్కనున్నవాళ్లు ఇంకో మేలు చేయొచ్చు. తిరుగుడు వచ్చిన సమయంలో ఫోను తీసి, మనిషి ముఖం కాదు, కళ్లు రెండే తెర నిండేలా వీడియో తీయండి. కిటికీ వైపు ముఖం పెట్టించండి, కళ్లు మూయనివ్వకండి, నిమిషం పాటు ఆపకుండా తీయండి. తల ఏ వైపు వాల్చి ఉందో తీస్తూనే నోటితో చెప్పండి, ఆ మాట కూడా రికార్డవుతుంది. మా దగ్గరకు వచ్చేసరికి ఆ కంటి కదలిక ఆగిపోయి ఉండొచ్చు, మాకు కావలసింది ఆ వీడియోలో ఉంటుంది.